కౌంటీ కమిషనర్‌కి డిస్ట్రిక్టు ఓటేయాలా, కౌంటీ మొత్తమా? (వాషింగ్టన్ రాష్ట్రం)

కొలంబియా_ఒడ్డు:
మాది తూర్పు వాషింగ్టన్‌లో బెంటన్ కౌంటీ. చార్టర్ (కౌంటీ తన పాలన తీరు తానే రాసుకునే మూలపత్రం) లేదు, కౌంటీని నడిపే కమిషనర్లు ముగ్గురు, డిస్ట్రిక్టుకొకరు. డిస్ట్రిక్టు అంటే కౌంటీలో ఒక భాగం. ఆగస్టు ప్రైమరీలో (తొలి విడత పోటీలో) ఎవరి డిస్ట్రిక్టులో వాళ్లే ఓటేస్తారు. అందులో మొదటి ఇద్దరు నవంబర్‌కి వెళ్తే, అప్పుడు ఆ సీటుకి కౌంటీ అంతా ఓటేస్తుంది. నది దాటితే ఫ్రాంక్లిన్ కౌంటీ. అక్కడ 2024 నుంచి నవంబర్‌లోనూ డిస్ట్రిక్టు వాళ్లకే ఓటు. ఇక్కడా అలా మార్చాలని, వీలైతే ఐదుగురిని చేయాలని కొందరు అంటున్నారు. కోర్టు మెట్లెక్కకుండా దారి ఉందా? ఎన్ని సంతకాలు కావాలి? మారితే మన తెలుగువాళ్లకి ఏమైనా ఒరుగుతుందా?

లెక్కల_పంతులు:
తేడా ఎక్కడొస్తుందో ముందు అంకెల్లో చూడండి. ఒక డిస్ట్రిక్టులో నవంబర్‌లో 20,000 ఓట్లు పోలయ్యాయి, రాముకి 11,000, సోముకి 9,000 అనుకుందాం. మిగతా రెండు డిస్ట్రిక్టుల 40,000లో రాముకి 16,000, సోముకి 24,000. మొత్తం మీద రాముకి 27,000, సోముకి 33,000. సొంత డిస్ట్రిక్టు కాదన్న మనిషే ఆ డిస్ట్రిక్టు కమిషనర్ అవుతాడు. ఎవరి పొరపాటూ లేదు, చట్టమే అలా ఉంది: నిలబెట్టేది డిస్ట్రిక్టు, గెలిపించేది కౌంటీ.

యాకిమా నగర కౌన్సిల్‌లోనూ ఇదే జరిగింది. ఏడుగురిలో నలుగురికి డిస్ట్రిక్టు ప్రైమరీ, ఆపైన నగరమంతా ఓటు. మిగతా ముగ్గురికి మొదటి నుంచీ నగరమంతా. దాదాపు 40 ఏళ్లలో ఒక్క లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న మనిషి) కూడా గెలవలేదు. ఫెడరల్ కోర్టు 2014లో దీన్ని తప్పుపట్టింది. 2015లో ఏడు సీట్లూ డిస్ట్రిక్టులవారీగా పెడితే ముగ్గురు లాటినా మహిళలు గెలిచారు. నగరం తన లాయర్ల ఖర్చుకి తోడు ఎదుటి పక్షం ఫీజుల కిందే సుమారు 18 లక్షల డాలర్లు కట్టాల్సొచ్చింది. కమిషనర్లతో మాట్లాడేటప్పుడు ఈ అంకె చెప్పండి, వెంటనే చెవిన పడుతుంది.

అయితే డిస్ట్రిక్టు అనగానే న్యాయం అయిపోదు. గీత ఎవరు గీస్తారన్నదే అసలు గొడవ. టెక్సస్‌లో మిడ్‌లాండ్ కౌంటీ సంగతే చూడండి. నాలుగు డిస్ట్రిక్టుల్లో ఒకదానిలో 67,906 మంది, మిగతావాటిలో 852, 414, 828. నలుగురు కమిషనర్లకీ సమానమైన ఓటే. జనాభా సమానంగా ఉండాలన్న నియమం కౌంటీ బోర్డులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1968లో ఆ కేసులోనే చెప్పింది. ఇప్పుడు పెద్ద డిస్ట్రిక్టుకీ చిన్నదానికీ తేడా సగటులో 10 శాతం దాటితే సంజాయిషీ చెప్పుకోవాలి. మీ కౌంటీని 2,07,000 అనుకుంటే సగటు 69,000, తేడా 6,900 లోపు ఉండాలి.

స్పోకేన్_శేషు:
దారుల సంగతి నేను చెప్తాను.

చార్టర్ లేని కౌంటీ జనాభా 3 లక్షలు దాటితే ఐదుగురు కావాలా అని నేరుగా ఓటర్లనే అడగొచ్చు. థర్‌స్టన్ కౌంటీ 2022లో అలాగే అడిగి గెలిచింది. మీకు ఆ గడప అందదు. 4 లక్షలు దాటితే రాష్ట్రమే ఐదుగురిని, డిస్ట్రిక్టు ఓటుని తప్పనిసరి చేసింది. స్పోకేన్ ఓటర్లు 2015లో ఐదుగురు వద్దన్నారు, అయినా 2018 చట్టం పుణ్యమా అని 2022లో ఐదుగురు వచ్చారు.

మీకు మిగిలేవి రెండు. మొదటిది రాష్ట్ర ఓటింగ్ హక్కుల చట్టం, 2018. ఓటు వర్గాలవారీగా చీలుతోందని, ఒక వర్గం ఎంచుకున్నవాళ్లు ఓడిపోతున్నారని ఆధారాలతో నోటీసు ఇవ్వాలి. ఆ తర్వాత సర్దుబాటుకి కౌంటీకి గడువుంటుంది, అది దాటాకే దావా. కౌంటీ తనంతట తానే డిస్ట్రిక్టు ఓటుకి మారడానికీ ఈ చట్టం వీలిస్తుంది, కాకపోతే బోర్డుకి మనసుండాలి. యాకిమా, ఫ్రాంక్లిన్ కౌంటీలు రెండూ దావా పడ్డాకే రాజీకొచ్చాయి. ఫ్రాంక్లిన్ కేసులో చట్టం రాజ్యాంగబద్ధమేనని రాష్ట్ర సుప్రీంకోర్టు 2023 జూన్‌లో తేల్చింది.

రెండోది చార్టర్. గత సాధారణ ఎన్నికలో ఓటేసినవాళ్లలో 10 శాతానికి సమానంగా రిజిస్టర్డ్ ఓటర్ల సంతకాలు కావాలి, లేదా బోర్డే తీర్మానం చేయాలి. తర్వాత 15 నుంచి 25 మంది ఫ్రీహోల్డర్లను, అంటే చార్టర్ రాసేవాళ్లను, ఎన్నుకుంటారు. వాళ్లకి కౌంటీలో కనీసం ఐదేళ్ల నివాసం ఉండాలి. వాళ్లు రాసిన చార్టర్ మళ్లీ ఓటుకొస్తుంది. గత ఎన్నిక బేసి సంవత్సరంలో జరిగి ఉంటే, అప్పుడు పోలింగ్ తక్కువ కాబట్టి 10 శాతం అంటే చాలా తక్కువ సంతకాలే అవుతాయి. ఏ ఎన్నికను లెక్కలోకి తీసుకుంటారో కౌంటీ ఆడిటర్‌ని (ఎన్నికలు నిర్వహించే అధికారిని) ముందే రాతపూర్వకంగా అడగండి. కొన్ని సంతకాలు తిరస్కరణకి పోతాయి, మూడో వంతు ఎక్కువే సేకరించండి.

చార్టర్లు ఎక్కువగా ఓడేది డిస్ట్రిక్టు ఓటు మీద కాదు. ఇదే అదనుగా షెరీఫ్, అసెసర్ (ఆస్తి పన్నుకి విలువ కట్టే అధికారి) పదవుల్లో కూడా వేలు పెడతారు, వాళ్లందరూ ఒక్కటై ఎదురు తిరుగుతారు. ఎన్నిక పద్ధతి, సభ్యుల సంఖ్య, గీతలు గీసే కమిటీ, ఈ మూడింటితో ఆపండి.

పాత_రోడ్డు:
వేరే వైపు కూడా చూడండి. ఇప్పుడు మీరు నవంబర్‌లో ముగ్గురికీ ఓటేస్తున్నారు. మారితే నాలుగేళ్లకి ఒకే ఒక్కరికి. రోడ్ల బడ్జెట్‌కి చేతులెత్తే మిగతా ఇద్దరికీ మీ ఓటు అక్కర్లేదు, మీ ఫోన్ ఎత్తకపోయినా వాళ్లకి పోయేదేం లేదు. ముగ్గురితోనే ఉండి డిస్ట్రిక్టు ఓటుకి మారడం నా దృష్టిలో సగం పనే. ఇద్దరు కలిస్తేనే కోరం కాబట్టి ఇద్దరు కమిషనర్లు బయట కౌంటీ పని మాట్లాడుకుంటే బహిరంగ సమావేశాల చట్టం అడ్డొస్తుంది. ఐదుగురైతే ఆ చిక్కు తీరుతుంది. ఖర్చు అంటే రెండు జీతాలు, కొంత సిబ్బంది.

కొలంబియా_ఒడ్డు:
చాలా థ్యాంక్సండీ. తెలుగువాళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

లెక్కల_పంతులు:
నిజం చెప్తే మీకు నచ్చదు. డిస్ట్రిక్టు ఓటు ఒకేచోట గుంపుగా ఉండేవాళ్లకి పనికొస్తుంది. మనవాళ్లు తలో సబ్‌డివిజన్‌లో ఉంటారు. ఐదు చేసినా డిస్ట్రిక్టుకి 41,000 మంది, అందులో మనం ఏ మూలకి? పైగా గీతలు గీసేటప్పుడు హెచ్-1బి వాళ్లనీ పిల్లలనీ కలిపి లెక్కేస్తారు, కానీ ఫెడరల్ చట్టం కింద వర్గ బలం చూసేటప్పుడు లెక్కకొచ్చేది 18 దాటిన పౌరులే. చెదిరి ఉన్నవాళ్లకి ఉపయోగపడేది ఒకే ఎన్నికలో పలు సీట్లు నింపే దామాషా పద్ధతి. ఐదు సీట్లయితే ఆరో వంతు పైన, అంటే సుమారు 17 శాతం ఓట్లతో ఒక సీటు ఖాయం. అలబామాలో చిల్టన్ కౌంటీ 1988లో ఏడు సీట్లకి ఓటరుకి ఏడు ఓట్లిచ్చి, కావాలంటే ఏడూ ఒక్కరికే వేసుకోమంది. జనాభాలో సుమారు 12 శాతం ఉన్న నల్లజాతివాళ్లు తమ మనిషిని గెలిపించుకున్నారు. వాషింగ్టన్‌లో అలాంటివాటికి ఊపు లేదు: ర్యాంకు ఓటింగ్‌ని (అభ్యర్థులకి 1, 2, 3 అని వరుస ఇచ్చే పద్ధతిని) పియర్స్ కౌంటీ 2009లో ఎత్తేసింది, 2022లో క్లార్క్, శాన్ హువాన్ కాదన్నాయి.

మీరు ముందు చేయాల్సింది ఒకటుంది. గత నాలుగైదు కమిషనర్ ఎన్నికల ప్రిసింక్టువారీ (చిన్న పోలింగ్ ప్రాంతాలవారీ) ఫలితాలు ఆడిటర్ ఆఫీసులో తీసుకోండి. నవంబర్ ఓట్లలో ఆ డిస్ట్రిక్టు ప్రిసింక్టులను మాత్రం విడదీసి కూడండి. కౌంటీ గెలిపించినవాళ్లే ప్రతిసారీ డిస్ట్రిక్టులోనూ గెలిచి ఉంటే నోటీసు దారికి మీ దగ్గర సరుకు తక్కువే, చార్టర్ సంగతి చూసుకోవడం మేలు. ఒకట్రెండు సార్లయినా తలకిందులైతే ఆ పట్టికతో బోర్డు మీటింగ్‌కి వెళ్లండి.