అమెరికా హైస్కూళ్లలోకి సైనిక రిక్రూటర్లను రానివ్వవచ్చా?

కృష్ణాతీరం:
ఫెడరల్ నిధులు అందుకునే ప్రతి హైస్కూలూ సైన్యం అడిగినప్పుడు విద్యార్థుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు ఇవ్వాలనీ, కాలేజీల ప్రతినిధులను రానిచ్చినట్టే రిక్రూటర్లనూ లోపలికి రానివ్వాలనీ 2002 జనవరిలో అమలులోకి వచ్చిన ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ చట్టం నిర్దేశించింది. 2015లో దాని స్థానంలో వచ్చిన చట్టమూ ఈ నిబంధనను కొనసాగించింది. ఇష్టం లేని తల్లిదండ్రులు ఆ మాట రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. పదహారేళ్ల పిల్ల ఫోన్ నంబరు బయటివారికి ఇచ్చే ముందు ఇంట్లోవారిని అడగడం ఏ బడికైనా కనీస ధర్మం. అలా ముందుగా అడిగే పద్ధతి పెట్టుకుందామనుకున్న బడులకు కూడా 2015 చట్టం ఆ వీలు లేకుండా చేసింది. సంతల్లోనూ మాల్స్‌లోనూ రిక్రూటర్లు నిలబడితే నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే అక్కడ వినడం ఇష్టం లేనివారు నడిచి వెళ్లిపోగలరు. బడికి పిల్లలు చట్టప్రకారం తప్పనిసరిగా వచ్చేవారు, కాబట్టి అక్కడికి రిక్రూటర్లు రాకూడదని నా అభిప్రాయం.

మాధవరం మనవడు:
కృష్ణాతీరం గారూ, వివరాలు ఇచ్చే విషయంలో మీ మాటే నా మాట. లోపలికే రానివ్వకూడదంటే మాత్రం ఒప్పుకోలేను. మా తాతగారిది పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం. ఇంటికొక సైనికుడున్న ఊరని దానికి పేరు. అక్కడ సైన్యం గురించి పిల్లలకు ఏ అధికారీ వచ్చి చెప్పనక్కరలేదు, సెలవుకు వచ్చిన మేనమామే చెబుతాడు. ఇక్కడ అమెరికాలోని మన తెలుగు కుటుంబాల్లో అలాంటి మేనమామ ఎక్కడున్నాడు? నౌకాదళంలో చేరవచ్చని మా అబ్బాయికి తెలిసింది స్కూలు భోజనశాలలో రిక్రూటరు వేసుకున్న బల్ల దగ్గరే. సేవ ముగిశాక, మాజీ సైనికుల చదువు ఖర్చు ప్రభుత్వం భరించే జీఐ బిల్లు పుణ్యమా అని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఫీజుల అప్పు లేకుండా చదువుకుంటున్నాడు. ఏళ్ల తరబడి అప్పు తీర్చవలసి వచ్చే చదువు గురించి కాలేజీ ప్రతినిధి చెప్పుకోవచ్చు గానీ, సైనికుడు తన వృత్తి గురించి చెప్పుకోకూడదనడం న్యాయం కాదు.

కృష్ణాతీరం:
మీ అబ్బాయి పట్ల నాకు గౌరవం ఉంది, అయినా ఆ రెండూ సమానం కావు. కాలేజీ నచ్చకపోతే మానేయవచ్చు, ఉద్యోగం నచ్చకపోతే రాజీనామా చేయవచ్చు. సైనిక ఒప్పందం మాత్రం రిజర్వు కాలంతో కలిపి సాధారణంగా 8 ఏళ్ల బాధ్యత. ఇరాక్ యుద్ధ కాలంలో గడువు తీరినవారిని సైతం ‘స్టాప్ లాస్’ ఆదేశాలతో ఆపి ఉంచారు. హైస్కూలు చివరి ఏడాదిలోనే సంతకం చేయించి, శిక్షణకు నెలల తర్వాత పంపే పద్ధతి ఒకటుంది. శిక్షణకు బయలుదేరేలోగా మనసు మార్చుకునే వీలుందన్న సంగతి పిల్లలకు నొక్కి చెప్పేదెవరు? రిక్రూటరుకు లక్ష్యాలుంటాయి. 2022లో ఆర్మీ (భూసేన) 60,000 మందిని చేర్చుకోవాలనుకుని దాదాపు 15,000 మంది వెనుకబడింది. అంత ఒత్తిడిలో ఉన్న మనిషిని పిల్లలకు వృత్తి సలహాదారుగా నిలబెట్టడం నాకు సమ్మతం కాదు. బళ్లలో వృత్తి అభిరుచి పరీక్ష పేరిట జరిగే సైన్యం వారి ప్రవేశ పరీక్ష ‘ఆస్వాబ్’ సంగతీ ఇంతే: బడి వద్దని ముందే నిర్ణయించకపోతే ఆ మార్కులు రిక్రూటర్లకు చేరతాయి. మేరీల్యాండ్ రాష్ట్రం 2010లో చట్టం చేసి దీన్ని ఆపింది.

హెచ్4 తల్లి:
మా అమ్మాయి హెచ్-4 వీసా మీద ఉంది. సైన్యంలో చేరడానికి పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి, అయినా రిక్రూటరు నుంచి ఫోన్ వచ్చింది. విషయం చెప్పగానే ఆయన మర్యాదగా క్షమాపణ చెప్పి పెట్టేశారు. చేరే అర్హతే లేని పిల్ల నంబరు ఆయన దాకా ఎందుకు వెళ్లిందన్నదే నా బాధ.

మాధవరం మనవడు:
అమ్మా, మీ బాధ న్యాయమైనది. నిషేధంతో మాత్రం అది తీరదు. కాలిఫోర్నియాలోని ఆర్కాటా, యురేకా పట్టణాల ఓటర్లు 2008లో మైనర్లను సైన్యం వారు తమంతట తాముగా సంప్రదించకూడదని శాసనం చేసుకుంటే, ఫెడరల్ ప్రభుత్వాన్ని పట్టణాలు కట్టడి చేయలేవని కోర్టులు దాన్ని కొట్టివేశాయి. ప్రభుత్వ బళ్లలో సైనిక రిక్రూటర్లు వద్దంటూ శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు 2005లో ఆమోదించిన తీర్మానం అభిప్రాయ ప్రకటనగానే మిగిలింది. చట్టం కోరేది సమాన ప్రవేశం మాత్రమే, హద్దులేని ప్రవేశం కాదు. కనుక సెమిస్టరుకు ఇన్ని రోజులని, కౌన్సెలర్ సమక్షంలోనేనని, తల్లిదండ్రులకు ముందే తెలిపాకనేనని కాలేజీలకూ సైన్యానికీ ఒకే నియమం పెట్టమని స్కూలు బోర్డును అడుగుదాం.

కృష్ణాతీరం:
కాంగ్రెస్ చట్టాన్ని మార్చేదాకా చేయగలిగింది అదే గనుక, ఆ విజ్ఞప్తి మీద నేనూ సంతకం చేస్తాను. మరో రెండు కోర్కెలు చేర్చండి: వివరాలు ఇవ్వవద్దని తెలిపే ఫారం బడిలో చేర్పించేటప్పుడు ఇచ్చే కాగితాల్లో మొదటి పేజీగా ఉండాలి, ఆస్వాబ్ మార్కులు రిక్రూటర్లకు వెళ్లకుండా స్కూలు బోర్డు పరిధిలోని బళ్లన్నిటికీ ఒకే నిర్ణయం చేయాలి. భోజనశాల బల్ల విషయంలో మాత్రం మీతో నా వాదన ఆగదు.