బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) ఎక్కడ చదివించాలి: గుంటూరులోనా, విజయవాడలోనా?

తెనాలి నాన్న:
మా అమ్మాయి బైపీసీ పూర్తిచేసి, ఫిజియోథెరపీయే చదువుతానని పట్టుబట్టింది. గుంటూరు శివార్లలో సొంత ఆసుపత్రి ఉన్న కళాశాల ఒకటి, విజయవాడలో ఫీజు తక్కువైనా ఆసుపత్రి లేని కళాశాల మరొకటి చూశాము. ఫీజు, హాస్టలు, ఉద్యోగాల గురించి అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

బ్రాడీపేట ఫిజియో:
పదిహేనేళ్లకు పైగా ఈ వృత్తిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, భవనాలు చూసి మోసపోకండి. ఓపీ నడిచే వేళకు వెళ్లి, ఎంతమంది రోగులు వస్తున్నారో, వారికి చికిత్స చేస్తున్నది విద్యార్థులో సిబ్బందో గమనించండి. పక్షవాతం వచ్చిన మనిషిని పారలల్ బార్ల (పట్టుకొని నడిచే జంట కమ్మీల) మధ్య నిలబెట్టి, వంగిపోతున్న అతని మోకాలికి మన మోకాలు అడ్డుపెట్టి అడుగు వేయించడం పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు.

ఇంటర్న్ అమ్మాయి:
మా కళాశాలకూ ఆసుపత్రి ఉంది, పేరు చెప్పను. ఐఎఫ్‌టీ అనే, నొప్పికి కరెంటు పెట్టే యంత్రం ఏడాది పొడవునా బీరువాలో ఉండి తనిఖీ రోజున మాత్రమే బయటికి వచ్చేది. న్యూరో పోస్టింగు (నరాల రోగుల విభాగంలో శిక్షణ) అంటే రిజిస్టరులో సంతకమే. ఫీజు సంగతి నన్ను అడగకండి.

కృష్ణలంక వాసి:
పేరుకు ముందు ‘డాక్టర్’ పెట్టుకోవచ్చో లేదో ముందు తేల్చుకోండి. రేపు సంబంధాలు చూసేటప్పుడు అందరూ అడిగేది అదే. కేంద్రం వద్దన్నదని చదివాను.

బ్రాడీపేట ఫిజియో:
సగం వార్త చదివి తీర్పు చెప్పకండి. 2025 సెప్టెంబరు 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ అటువంటి లేఖ రాసిన మాట నిజమే, మరునాడే దానిని వెనక్కి తీసుకొన్న మాటా నిజమే. పేరుకు ముందు డాక్టర్ అనీ, చివర పీటీ (ఫిజియోథెరపిస్టు) అనీ రాసుకోవచ్చని అంతకుముందే, మా వృత్తిని నియంత్రించే అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ పాఠ్యప్రణాళిక చెప్పింది.

విశ్రాంత ఎముకల వైద్యుడు:
చివర ఉన్న ఆ రెండక్షరాలు ఏ రోగి చదువుతాడండీ? నడుము నొప్పి వెనుక క్షయ ఉందో కణితి ఉందో తేల్చకుండా నెలల తరబడి కరెంటు పెట్టించుకొని వచ్చినవారిని నేను చూశాను.

బ్రాడీపేట ఫిజియో:
భుజం పట్టేసినవారికి మాత్రలు రాసి, చెయ్యి కదల్చవద్దని పంపించినవారిని నేనూ చూశాను సార్. ఆ చెయ్యి మళ్లీ తల దువ్వుకొనే ఎత్తుకు లేచేదాకా నెలల తరబడి శ్రమించేది మేమే.

పటమట అక్క:
పెద్దలిద్దరూ శాంతించండి. తెనాలి అన్నయ్యగారూ, మేము చదివినప్పుడు ఇంటర్న్‌షిప్ ఆరు నెలలతో కలిపి నాలుగున్నరేళ్లు. కొత్త పాఠ్యప్రణాళికలో ఏడాది ఇంటర్న్‌షిప్‌తో అయిదేళ్లు. ఆ చివరి ఏడాదికి స్టైపెండు ఇస్తారా, ఎదురు ఫీజు కట్టించుకొంటారా అన్నది కాగితం మీద రాయించుకోండి. అనుబంధం ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఉన్నదో లేదో దాని జాబితాలోనే చూసుకోండి. ఉద్యోగం సంగతికి వస్తే, ఆసుపత్రుల్లో తొలి జీతాలు చిన్నవే. మాలో చాలామందికి ఇళ్లకు వెళ్లి చేసే చికిత్సతోనే ఇల్లు గడుస్తోంది.

కృష్ణలంక వాసి:
ఆడపిల్ల ఇల్లిల్లూ తిరగాలా?

ఇంటర్న్ అమ్మాయి:
తిరుగుతున్నామండీ, స్కూటీ మీద. మోకాలి మార్పిడి శస్త్రచికిత్స చేయించుకొని మంచం దిగలేని మీ ఇంటి పెద్దవారి దగ్గరికి ఎవరో ఒకరు రావాలి కదా. హాస్టలు గురించి అడిగారు: తెనాలి నుంచి రెండు ఊళ్లకూ రైళ్లున్నాయి కనుక సీజన్ టికెట్టు సరిపోతుంది, క్లినికల్ పోస్టింగులు మొదలయ్యేదాకా.