పరాయివారిని పలకరించని ప్రాంతంవాళ్లు నిజంగా పొగరుబోతులేనా?

ప్రశ్న

ఉద్యోగరీత్యా నేను వేరే ప్రాంతానికి వచ్చి ఎనిమిది నెలలైంది. బయలుదేరే ముందు "అక్కడివాళ్లకు పొగరెక్కువ, ఎదురుగా మనిషి పడిపోయినా పట్టించుకోరు" అని హెచ్చరించనివాళ్లు లేరు. అది ఏ ప్రాంతమో కావాలనే రాయడం లేదు. పేరు చెబితే ఆ ఊళ్లు మంచివా చెడ్డవా అన్న వాదన దగ్గరే చర్చ ఆగిపోతుంది.

మొదటి వారాల్లో వాళ్లు చెప్పిందే నిజమనిపించింది. రోజూ ఉదయం నాతోపాటు లిఫ్టు ఎక్కే ఒకాయన నా వైపు చూడనైనా చూడరు. అంతస్తుల అంకెలు మారుతుంటే వాటినే చూస్తూ నిలబడతారు. నేను నవ్వితే, ఏదో అడగబోతున్నానేమో అన్నట్టు ఒక అడుగు వెనక్కి వేస్తారు. అయితే పోయిన నెలలో వాన పడుతుండగా మెట్ల మీద నా చేతిలోని ఫైలు జారి కాగితాలన్నీ చెల్లాచెదరయ్యాయి. వెంటనే ముగ్గురు ఆగారు. ఒకరు తన గొడుగును నా కాగితాల మీదికి వంచి, తాను తడుస్తూ నిలబడ్డారు. మరొకరు కింది మెట్టు దాకా ఎగిరిపోయిన రెండు కాగితాలను తెచ్చారు. మూడో ఆవిడ అన్నిటినీ పేజీ సంఖ్యల ప్రకారం సర్ది నా చేతిలో పెట్టారు. ముగ్గురిలో ఏ ఒక్కరూ నోరు విప్పలేదు, నేను ధన్యవాదాలు చెప్పేలోగా ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు.

అప్పటి నుంచి నాకు ఒక సందేహం. కొత్తవారి పట్ల ప్రాంతానికో తీరు నిజంగానే ఉంటుందా, లేక మనం విని వచ్చిన మాటనే కళ్లు వెతుక్కుంటాయా? తేడా ఉన్నమాట నిజమైతే దానికి కారణం ఏమిటి?

మొదటి జవాబు

మీ ప్రశ్నకు జవాబులో సగం ఆ మెట్ల మీదే ఉందండీ. పలకరించడం వేరు, సాయపడడం వేరు. ఈ రెంటినీ ఒకే గాట కట్టడం వల్లనే ప్రాంతాల గురించిన మన తీర్పులు తరచూ తప్పుతాయి.

తేడాలు ఉన్నాయి, వాటిని కొలిచినవారూ ఉన్నారు. అమెరికాలోని ఫ్రెస్నోకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ లెవిన్, తన సహచరులతో కలిసి, 1990ల తొలినాళ్లలో ఆ దేశపు 36 నగరాల్లో వీధిలో పోయేవారు అపరిచితులకు ఎంతవరకు సాయపడతారో పరీక్షించి చూశారు. ఆ ఫలితాలతో అన్నిటికన్నా గట్టిగా ముడిపడి కనిపించినది జనసాంద్రత. కిక్కిరిసిన నగరాల్లో సాయం తగ్గింది. తరవాత 23 దేశాల్లో ఒక్కొక్క పెద్ద నగరాన్ని తీసుకుని మూడు పరీక్షలు పెట్టారు: నడుస్తూ పెన్ను జారవిడవడం, కాలికి దెబ్బ తగిలినట్టున్న మనిషి చేతిలోంచి పత్రికలు పడిపోవడం, చూపు లేని వ్యక్తి రోడ్డు దాటడానికి ఎదురుచూడడం. రియో డి జనీరోలో నూటికి 93 సందర్భాల్లో సాయం అందగా, కౌలాలంపూర్‌లో 40 సందర్భాల్లోనే అందింది; న్యూయార్క్ కూడా అట్టడుగుకు దగ్గర్లోనే ఉంది. అయితే ముభావులన్న పేరున్న వియన్నావాసులు మాత్రం పై వరుసలో నిలిచారు. కనుక ముఖం చూసి మనసును అంచనా వేయడం చాలాసార్లు బెడిసికొడుతుంది.

ఆ పరిశోధన గురించి లెవిన్ తరవాత రాసినదాంట్లో నాకు బాగా గుర్తుండిపోయినది అంకె కాదు, ఒక దృశ్యం. న్యూయార్క్‌లో సాయం చేసినవారు సైతం "మీ పెన్ను పడిపోయింది" అని కేకేసి చకచకా అవతలి దిక్కుకు నడిచేవారట. రియోలో అయితే పెన్ను తీసుకుని, అవసరమైతే పరుగెత్తుకుంటూ వచ్చి, చేతికిచ్చేవారట. రెండు చోట్లా పెన్ను దొరికింది, కానీ పోగొట్టుకున్న మనిషి మనసులో మిగిలేది మాత్రం ఒకటి కాదు.

ఇక కారణం గురించి. నగరంలో మనిషి మనసు తనను తాను కాపాడుకోవడానికి ఒక ఉదాసీనతను కవచంలా తొడుక్కుంటుందని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త గియోర్గ్ సిమ్మెల్ 1903లోనే వివరించారు. 1970లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ దాన్నే మరో విధంగా చెప్పారు: రోజూ కళ్లముందు నుంచి వేలమంది వెళుతున్నప్పుడు అందరికీ శ్రద్ధ పంచడం ఎవరికీ సాధ్యం కాదు, అందుచేత మనిషి ఎవరిని పట్టించుకోవాలో ఎంచుకోక తప్పదు. మీ లిఫ్టులోని ఆయన కూడా బహుశా అదే చేస్తున్నారు. ఒకరినొకరు గమనించామని తెలిసేంత మాత్రం చూసి, వెంటనే చూపు తిప్పుకోవడం అపరిచితుల మధ్య ఒక మర్యాదేనని సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో చూపించారు. అంకెలకేసి చూడడం మిమ్మల్ని కాదనడం కాకపోవచ్చు. ఇరుకు చోటులో మీ ఏకాంతాన్ని మీకు వదిలిపెట్టడం కావచ్చు.

రెండో జవాబు

నేను అలా "ముభావులు" అని పేరుపడిన ప్రాంతంలోనే పుట్టి పెరిగాను. ఎదుటివారి సమయాన్ని, దారిని, ఆలోచనను అడ్డుకోకపోవడమే గౌరవమని మాకు చిన్నప్పటి నుంచి ఎవరూ ప్రత్యేకంగా నేర్పకుండానే తెలిసిపోయింది. మర్యాదలో దగ్గరితనం చూపేది ఒకటి, ఎదుటివారికి అడ్డుపడకుండా ఉండేది ఒకటి అని పెనలోపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్‌సన్ అనే భాషా పరిశోధకులు 1978లో రాసినది చదివినప్పుడు, మా వాళ్ల తీరుకు ఇన్నాళ్లకు ఒక పేరు దొరికిందని నిజంగా సంతోషించాను.

ఆదరణకు పేరుపొందిన మరో ప్రాంతంలో రెండేళ్లు ఉన్నాను. అక్కడ ఒకసారి చిరునామా అడిగితే ఒక పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, నా పని, కుటుంబం అన్నీ ఆప్యాయంగా అడిగి, ఎంతో నమ్మకంగా దారి చూపించారు. అది పూర్తిగా తప్పు దారి, నేను గంటసేపు తిరిగాను. ఆయనకు నన్ను మోసగించే ఉద్దేశం రవంతైనా లేదు. "తెలియదు" అని నన్ను ఉత్త చేతులతో పంపడం ఆయనకు అమర్యాదగా తోచింది, అంతే. మా వైపు అయితే "తెలియదు" అన్న ఒక్క మాట చెప్పి నడిచిపోయేవారు, అప్పుడు నేను వేరేవారిని అడిగి త్వరగా చేరేవాణ్ణి. అయినా ఆ భుజం మీద చెయ్యి అక్కర్లేదని మాత్రం నేను అనను. కొత్త చోట ఒంటరిగా ఉన్న రోజుల్లో అది నన్ను నిలబెట్టింది.

మూడో జవాబు

పై ఇద్దరితో నేను ఏకీభవిస్తాను, కానీ ఒక మాట చేర్చకుండా ఉండలేను. కొన్నేళ్ల కిందట అద్దెకు ఇల్లు చూడడానికి వెళితే, నా మాటతీరు విని "మీ వైపువాళ్లకు ఇవ్వమండీ" అని వాకిట్లోనే చెప్పి పంపేశారు. వాళ్లు నన్ను అంతకుముందు చూసి ఎరగరు. ప్రాంతాల గురించి సరదాకు చెప్పుకొనే మాటలు చివరికి ఒక తలుపు దగ్గర ఒక మనిషికి తగులుతాయి.

ఆ మాటలకు ఆధారం కూడా గట్టిది కాదు. ఫలానా దేశంవాళ్లు ఇలాంటివాళ్లు అన్న అభిప్రాయాలను ఆయా ప్రజల వ్యక్తిత్వ కొలతలతో 49 సంస్కృతుల్లో పోల్చి చూసి, ఆ రెంటికీ పొంతన లేదని 2005లో ఒక పెద్ద పరిశోధక బృందం ప్రకటించింది. పుట్టిన చోటు కంటే ఆ క్షణపు పరిస్థితే మనిషిని ఎక్కువగా నడిపించే సందర్భాలున్నాయి. 1973లో డార్లీ, బాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతాచార్యులు కాబోతున్న విద్యార్థులను పరీక్షిస్తే, తొందర లేనివారిలో నూటికి 63 మంది దారిలో కుంగిపోయి కనిపించిన మనిషి కోసం ఆగారు. ఆలస్యమైందని చెప్పి తొందరపెట్టి పంపిన విద్యార్థుల్లో నూటికి పదిమందే ఆగారు. కొత్త ఊళ్లో మనకు ముందుగా తారసపడేది రైల్వే స్టేషన్లోనో, కార్యాలయాల కిటికీల దగ్గరో ఉరుకులు పరుగుల్లో ఉన్నవాళ్లే. ఆ తొందరను మనం ఆ ప్రాంతం స్వభావమని రాసుకుంటాం.

మీరు ముందుగా మాట కలిపి చూడండి. షికాగోలో రైళ్లలో, బస్సుల్లో వెళ్లేవారి మీద ఎప్లీ, ష్రోడర్ అనే పరిశోధకులు జరిపి 2014లో ప్రచురించిన పరిశోధనలో, పక్కనున్న అపరిచితులతో మాట్లాడమన్నవారికే ప్రయాణం ఎక్కువ హాయిగా గడిచింది. అలా జరుగుతుందని ముందుగా మాత్రం చాలామంది ఊహించలేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. మూడో జవాబు చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను, ఎందుకంటే నేను ఇక్కడికి వచ్చేటప్పుడు నన్ను హెచ్చరించినవారిని ఒక్కసారి కూడా "మీకు ఎలా తెలుసు?" అని అడగలేదు.

నిన్న లిఫ్టులో "ఈ రోజూ వాన వదిలేలా లేదండీ" అన్నాను. ఆయన అంకెల మీది నుంచి చూపు తిప్పి, "సాయంత్రానికి తగ్గుతుందంటున్నారు" అన్నారు, మళ్లీ అంకెలను చూశారు. అంతకుమించి మాట సాగలేదు, సాగాలని నేనూ పట్టుబట్టలేదు.

ఇంకొక సంగతి ఆలస్యంగా తట్టింది. ఆ రోజు నాకు సాయపడిన ముగ్గురి ముఖాలూ నాకు గుర్తులేవు. గొడుగు పట్టిన చెయ్యి గుర్తుంది, తడిసిన చొక్కా అంచు గుర్తుంది, అంతే. వాళ్లు నన్ను చూడలేదని ఇన్నాళ్లు బాధపడ్డాను కానీ, నేనూ కాగితాలనే చూస్తూ ఉండిపోయాను. వాళ్లలో ఎవరో ఒకరు రోజూ నా పక్కనుంచే వెళుతూ ఉండవచ్చు.