మొదటి స్పోర్ట్స్ బండి: ఆర్15, ఆర్‌సీ 200, లేకుంటే ఫ్రెండు ఇస్తానన్న 390? కడపోళ్లు చెప్పండి

యర్రగుంట్ల డ్యూటీ:

అన్నలూ, కొంచెం దారి చూపండి. మాది కడప, పుట్లంపల్లి పక్క. వయసు 23, ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. ఇంతవరకు నాయన స్ప్లెండర్ తప్ప వేరే బండి నడపలేదు. గేర్ల బండి లైసెన్సు ఉండాది. రోజూ కమలాపురం మీదుగా యర్రగుంట్లకు డ్యూటీకి పోవాల, పోను 40 కిలోమీటర్ల దాకా, రాను అంతే. ఆదివారమైతే ఫ్రెండ్సుతో గువ్వలచెరువు ఘాట్ ఎక్కి కోవా తిని వస్తాం.

జీతం కుదురుకునింది కాబట్టి స్పోర్ట్స్ బండి తీసుకోవాలని ఉంది. ఆన్‌రోడ్ 2 లక్షల 20 వేల దాకా పెట్టగలను. యమహా ఆర్15, పల్సర్ ఆర్‌ఎస్200 చూసినా. కేటీఎం ఆర్‌సీ 200 అంటే మాత్రం ప్రాణం. మధ్యలో ఒక ఫ్రెండు తన ఆర్‌సీ 390 సెకండ్‌హ్యాండులో అదే డబ్బులకు ఇస్తానంటాడు. చిన్న బండి కొంటే ఆరు నెలలకే మొహం మొత్తుతాది, ఒకేసారి పెద్దది తీసుకో అంటాడు. నాయనేమో ఈ వంగి నడిపే బండ్లే వద్దంటాడు. ఏం చేయమంటారు?

పొద్దుటూరు రైడర్:

ఆర్15 తీసుకో తమ్ముడూ, ఇంక ఆలోచన వద్దు. నేను దాని మీదనే పొద్దుటూరు నుంచి కడపకు వచ్చి పోతా. మైలేజీ 40 కంటే కిందికి రాలేదు. అదే పవరు చాలు నీకు.

షెడ్డు అన్న:

అబ్బీ, ముందు ఆ 390 మాట పక్కన పెట్టు. అది మంచి బండి, నాకూ ఇష్టమే. కానీ నువ్వు దిగేది స్ప్లెండర్ మీద నుంచి. దాని పవరు 8 పీఎస్, బరువు 112 కేజీలు. 390కి 43 పీఎస్ పైన, బరువు 172. ఐదింతల పవరు ఒక్కసారిగా నీ కుడిచేతి కిందికి వస్తాది. స్ప్లెండర్ మీద గుంతలో పడి చెయ్యి అదిరి ఆక్సిలరేటర్ రవ్వంత తిరిగినా ఏమీ కాదు. దాని మీద ఆ రవ్వంతకే ముందున్న సిమెంటు లారీ మీదికి పోతావు. పైగా మన ఏప్రిల్, మే ఎండల్లో, ట్రాఫిక్‌లో ఇంజనును చల్లార్చే ఫ్యాన్ తిరిగితే ఆ వేడి గాలంతా కాళ్ల మీదికే.

నేను కడపలో బండ్ల షెడ్డు నడుపుతా. నా దగ్గరికి విరిగి వచ్చే స్పోర్ట్స్ బండ్లలో స్పీడులో పడినవి తక్కువ. యూటర్న్ కొడుతూ, ఇంటి గేటు ముందర, సర్కిల్లో ఆపబోయి పడినవే జాస్తి. ఈ బండ్లకు హ్యాండిల్ ఎక్కువ తిరగదు. స్ప్లెండర్ ఒక్క దెబ్బకు తిరిగే తావున ఇది తిరగదు. పిల్లోడు కంగారుపడి, హ్యాండిల్ వంకరగా ఉన్నప్పుడే ముందు బ్రేకు పట్టేస్తాడు. బండి పక్కకు వాలిపోతాది. అప్పుడు కాలు నేలకు సరిగ్గా ఆనకుంటే ఆపేది ఎవరు?

అందుకే నేను పవరు కంటే ముందు సీటు ఎత్తు అడుగుతా. స్ప్లెండర్‌ది 785 మిల్లీమీటర్లు. ఆర్15 అయితే 815, ఆర్‌సీ 200 అయితే 835. కాగితం మీద అయిదు సెంటీమీటర్ల తేడానే. ఏడు రోడ్ల కాడ ఆటో అడ్డమొచ్చి టక్కున ఆగినప్పుడు, మునివేళ్ల కింద ఇసుక ఉంటే ఆ అయిదు సెంటీమీటర్లే బండిని పడేస్తాయి. 160 కేజీల బండి ఒక హద్దు దాటి వాలినాక ఎంత బలముండేవాడైనా పట్టలేడు.

పడితే ఖర్చు ఏమవుతాదో కూడా విను. ఫెయిరింగ్, అంటే బండి చుట్టూ ఉండే తొడుగు, అంతా ప్లాస్టిక్. మామూలు ఇన్సూరెన్సులో ప్లాస్టిక్ భాగాలకు సగం తరుగుదల కట్టి మిగతా సగమే ఇస్తారు. తరుగుదల పట్టుకోని జీరో డెప్ పాలసీ ఉంటేనే ఆ సగం నీ జేబు మీద పడదు. ఎదుటోళ్లకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఎట్లాగూ కొత్త బండికి అయిదేళ్లకు ఒకేసారి కట్టాల్సిందే. 150 నుంచి 350 సీసీ దాకా అంతా ఒకటే రేటు కాబట్టి 155 సీసీ ఆర్15కైనా 250 సీసీ బండికైనా ఆ లెక్కలో తేడా లేదు. 350 దాటితే ప్రీమియం రెట్టింపు. కొత్త బండైతే జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా 18 శాతం, ఆపైన 40.

ఇంక నీ దారి. యర్రగుంట్ల పక్క నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల బురద రోడ్డు మీదికి వస్తాది చూడు, అది ఎండినప్పుడు దుమ్ము, నాలుగు చినుకులు పడితే సబ్బు. ఆడ ఏబీఎస్, అంటే బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసేది, ఉండి తీరాల. 125 సీసీ పైన బండ్లకు 2019 నుంచి ఏబీఎస్ తప్పనిసరే, కానీ కొన్నిటికి ముందు చక్రానికే ఇస్తారు. రెండు చక్రాలకూ ఉండేదే తీసుకో. ఆర్15కు రెండిటికీ ఉండాది, బరువు కూడా 142 కేజీల లోపలే. నన్నడిగితే అదే.

బ్రేకు పట్టే అలవాటు మాత్రం మార్చుకోవాల. డ్రమ్ము బ్రేకుల బండి నడిపినోళ్లందరూ కుడికాలు తొక్కుతారు. ఆపేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తాది, నిలబెట్టేది అదే. రెండు వేళ్లు లివర్ మీద పెట్టి మొదట కొంచెమే నొక్కు. ముందు ఫోర్కు, అంటే ముందు చక్రం షాకులు, కిందికి కుంగేది నీ చేతికి తెలుస్తాది. అది కుంగినాకనే గట్టిగా పిండు. కుంగకముందే పిండితే టైరు జారతాది. జనాలు లేని రోడ్డు చూసుకొని 30 స్పీడులో ఇదే మళ్లీ మళ్లీ చెయ్యి, తర్వాత 50లో. గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చెయ్యొద్దు, క్లచ్ పట్టుకొని దిగొద్దు. రెండో గేరో మూడో గేరో వేసి ఇంజనుతోనే ఆపుకుంటూ రా. ఎనక లారీ వస్తాంటే దానికి దారి వదిలెయ్. దానికి బ్రేకులు పడతాయో లేదో నీకు తెలీదు.

హెల్మెట్ అక్క:

షెడ్డు అన్న చెప్పిన సీటు ఎత్తు మాట నూటికి నూరుపాళ్లు నిజం. నేను అయిదడుగుల రెండంగుళాలు, సుజుకి జిక్సర్ ఎస్‌ఎఫ్ 250 నడుపుతా. సీటు 800 మిల్లీమీటర్లే.

తమ్ముడూ, రోజుకు 80 కిలోమీటర్లు అన్నావు కదా, దాన్ని గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆర్15 మీద బాగా ముందుకు వంగాల. రెండు నిమిషాల టెస్ట్ రైడులో అది సరదాగానే ఉంటుంది. కమలాపురం దాటేసరికి అరచేతుల మీద బరువు పడి మణికట్లు లాగుతాయి. మోకాళ్లతో ట్యాంకును పట్టి, నడుముతో నిలబడితే చేతుల మీద భారం తగ్గుతుంది, కానీ ఆ పట్టు రావడానికి కొంచెం కాలం పడుతుంది. జిక్సర్ హ్యాండిల్ ఇంకొంచెం ఎత్తులో ఉంటుంది. 26.5 పీఎస్, 161 కేజీలు, రెండు చక్రాలకూ ఏబీఎస్. పవరు కిందనుంచే వస్తుంది కాబట్టి లారీని దాటాలంటే రెండు గేర్లు దించాల్సిన పని ఉండదు. ఆర్15 పూర్తి పవరు 10,000 ఆర్‌పీఎం దగ్గర, అంటే ఇంజను నిమిషానికి అన్ని చుట్లు తిరిగితేనే ఇస్తుంది. అంత తిప్పి నడపడం ఇష్టమైతే అదే తీసుకో, తప్పులేదు.

ఇంకొకటి. మొత్తం 2.20 బండికే పెట్టొద్దు. ఐఎస్‌ఐ గుర్తున్న ఫుల్ ఫేస్ హెల్మెట్, గ్లౌజులు, చీలమండ మూసే బూట్లు, గాలి ఆడే మెష్ జాకెట్, వీటికి ముందే పక్కన తియ్యి. పడేటప్పుడు అందరం ముందు అరచేతులే ఆనిస్తాం. ఇంత ఎండలో జాకెట్ ఏంది అంటారు మనోళ్లు. చర్మం ఊడిన చేతులు నేను డ్యూటీలో చూస్తా ఉంటా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

యర్రగుంట్ల డ్యూటీ:

అందరికీ బో థాంక్స్. షోరూముల్లో ఒక్కొక్క బండి మీద స్టాండు తీసి, కాళ్లు ఆనించి చాలాసేపు కూర్చున్నా. ఆర్‌సీ 200 మీద నిజంగానే మునివేళ్లే. మనసు చివుక్కుమనింది గానీ వదిలేసినా. ఆర్15 బాగానే ఉండాది, వంగేది మాత్రం రోజూ నావల్ల కాదేమో అనిపించింది. జిక్సర్ 250 మీద రెండు కాళ్లూ ఆనినాయి, నాయన కూడా ఎనక కూర్చొని చూసి సరే అన్నాడు. అదే బుక్ చేయాలనుకుంటున్నా. 390 ఫ్రెండు ఇంకా పోరు పెడుతున్నాడు. ఎప్పటికైనా సెకండ్‌హ్యాండ్ తీసుకోవాలంటే ఏమేం చూడాల అన్నా?

షెడ్డు అన్న:

మంచి పని. అక్క చెప్పిన 80 కిలోమీటర్ల లెక్క నేను చూడలా, నీ దారికి అదే సరైన బండి.

సెకండ్‌హ్యాండ్ అయితే హ్యాండిల్ పూర్తిగా రెండు పక్కలా తిప్పి, ఫ్రేముకు తగిలే తావు చూడు. ఆడ నొక్కుకుపోయి ఉంటే బండి గట్టిగా పడినట్టే, పెయింటు ఎంత మెరిసినా సరే. ఫోర్కు సీళ్ల దగ్గర వేలు పెట్టి చూడు, ఆయిలు అంటకూడదు. లోను మీద కొన్న బండైతే లోను తీరిందని బ్యాంకు ఇచ్చే ఫారం 35, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) చేతికి రాకుండా ఒక్క రూపాయి ఇయ్యొద్దు. పేరు మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకో. చలాన్లు పెండింగు ఉన్నాయేమో ఆన్‌లైనులో చూసుకో. ఫ్రెండు అయినా సరే ఇవన్నీ అడుగు, మంచి ఫ్రెండు నొచ్చుకోడు.

బుకింగు అప్పుడు ఇన్సూరెన్సు కాగితం చదివి జీరో డెప్ అని రాసి ఉందో లేదో చూడు, నోటిమాటకు ఒప్పుకోవద్దు. మొదటి 1,000 కిలోమీటర్లు ఇంజనును గట్టిగా తిప్పొద్దు, ఒకే స్పీడు మీద గంటలకొద్దీ కూడా పోవద్దు. మీ దారిలో దుమ్ము జాస్తి కాబట్టి చైను 500 కిలోమీటర్లకొకసారి తుడిచి లూబ్ కొట్టు. చేసేది తెలీకుంటే షెడ్డు కాడికి రా, చూపిస్తా.