గౌతమి గట్టున రిసార్టు: నీటి ఉప్పదనం రుజువు చేసేదెలా?

యానాం దిగువన, పోటు నీటికి ఇరవై మీటర్ల లోపే మడ చెట్లు కొట్టేసి రిసార్టు కోసం గ్రావెల్ తోలుతున్నారు. పిల్లకాలువ పూడిపోయి పౌర్ణమి పోటుకి నీళ్లు మా పెరట్లోకొస్తున్నాయి.

రెండుసార్లు అర్జీ పెట్టాను. "ఇది నది, సముద్రం కాదు, సీఆర్‌జెడ్ (తీరప్రాంతంలో కట్టడాలను అదుపు చేసే నిబంధనలు) రాదు" అన్నారు అధికారులు. కానీ 2019 నోటిఫికేషన్ ప్రకారం బాగా ఎండిన కాలంలో ఉప్పదనం వెయ్యికి 5 వంతులున్నంత వరకూ నదికీ వర్తిస్తుంది, పోటు నీరు చేరే గీత నుంచి 50 మీటర్ల వరకూ (పాయ వెడల్పు అంతకన్నా తక్కువైతే ఆ వెడల్పు మేరకే). మే నెల్లో పోటు మీద నా టీడీఎస్ మీటర్ (నీటిలో కరిగిన లవణాలు కొలిచేది) 8,200 పీపీఎం, అంటే వెయ్యికి సుమారు 8 వంతులు చూపించింది. ఫొటో కూడా ఇచ్చాను. ఇంటి మీటర్ చెల్లదట!

అధికారులు కాదనలేని ఉప్పదనం రిపోర్టు మామూలు మనిషి ఎక్కడ చేయించుకోవాలి?