ఏడీహెచ్‌డీ ఉంది, మాట అందుకోవడం ఆపుకోలేకపోతున్నాను. ఇంట్లోవాళ్ళు దూరమవుతున్నారు

ముమ్మిడివరం వైపు నుంచి:
నాకు 32 ఏళ్ళండి. నాన్నతో కలిసి కొబ్బరికాయల వ్యాపారం చూస్తాను. పోయినేడాది కాకినాడలో డాక్టరు గారు నాకు ఏడీహెచ్‌డీ ఉందని, అంటే శ్రద్ధ నిలవక, తొందరపాటు ఆపుకోలేని సమస్య ఉందని చెప్పారు. మందు మొదలుపెట్టాక లెక్కల పుస్తకం ముందు కూర్చోగలుగుతున్నాను. మనుషులతోనే కుదరడం లేదు.

మొన్న తోటలో కొబ్బరికాయల దింపు జరుగుతుంటే మా బావ వచ్చి, మావయ్య ఆపరేషన్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. నేను మధ్యలో అందుకుని లారీ కిరాయి సంగతి ఎత్తాను. లేచి వెళ్ళిపోయాడు. కనుమ నాడు ఇంకా ఘోరం. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్తానని భార్యకి మాటిచ్చి, ఎవరో పిలిస్తే వాళ్ళ బండెక్కి వెళ్ళిపోయాను. పాపకి పట్టులంగా కట్టి, సాయంత్రం దాకా అరుగు మీదే కూర్చుందట. "మేమంటే ప్రేముంటే గుర్తుండమా?" అంది. ఏం చెప్పాలో తెలియలేదు.

పాలకొల్లు నుంచి:
నాకూ ఉంది తమ్ముడూ, 27 ఏళ్ళకి తెలిసింది. ప్రేమ లేక మర్చిపోవడం కాదిది. అనుకున్న పనిని అవసరమైన వేళకి మనసులో పట్టి ఉంచుకోవడమే మనకి కష్టం. కానీ ఆవిడకి ముందు ఆ మాట చెప్పకు. అరుగు మీద అంతసేపు కూర్చున్న మనిషికి ముందు క్షమాపణ కావాలి, కారణం తర్వాత.

మాట అందుకోవడం గురించి: ఇప్పుడు అనకపోతే మర్చిపోతానన్న భయంతోనే నేను అందుకునేదాన్ని. ఇప్పుడు చేతిలో చిన్న చీటీ ఉంచుకుని, గుర్తొచ్చింది ఒక్క ముక్క రాసుకుంటాను. అయినా నోరు జారితే వెంటనే "అయ్యో, అడ్డొచ్చాను. డాక్టరు ఏమన్నారో చెబుతున్నావు, చెప్పు" అని, వాళ్ళు ఆగిన చోటికే తీసుకెళ్తాను. ఎక్కడ ఆగారో మనకి గుర్తుందని తెలిస్తే వాళ్ళ కోపం సగం తగ్గుతుంది. నేను నేర్చుకున్నవాటిలో ఎక్కువ పనికొచ్చింది ఇదే.

రాజోలు నుంచి:
నేను భార్య వైపు నుంచి చెబుతానండి. మా ఆయనకి ఉంది. ప్రతిదీ నేనే గుర్తుచేయాల్సి రావడం నన్ను బాగా అలసిపోయేలా చేసింది. ఇప్పుడు ఏదైనా ఒప్పుకుంటే, అక్కడే నా ఎదురుగా ఫోన్‌లో అలారం పెట్టుకుంటారు. నేను పెట్టను. గొడవ పెరిగితే కాలవగట్టు దాకా నడిచి వస్తారు. "పది నిమిషాల్లో వస్తాను" అని చెప్పి వెళ్ళాలి, వచ్చి ఆ మాట పూర్తిచేయాలి. చెప్పకుండా వెళ్ళిపోతే మాత్రం నాకు ప్రాణం పోయినట్టుంటుంది.

కాకినాడ నుంచి:
మందు శ్రద్ధ నిలపడానికి సాయం చేస్తుంది, మాట్లాడే పద్ధతి నేర్పదు. దానికి క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గర కొన్నాళ్ళు సాధన చేయండి, వీలైతే భార్యాభర్తలిద్దరూ వెళ్ళండి. మనసు మరీ బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ముమ్మిడివరం వైపు నుంచి:
అందరికీ దణ్ణాలండి. నిన్న సాయంత్రం బావ వాళ్ళింటికి వెళ్ళాను. "ఆ రోజు మావయ్య సంగతి చెబుతుంటే అడ్డొచ్చాను, చెప్పు బావా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత మొత్తం చెప్పాడు. రెండుసార్లు నోటిదాకా వచ్చింది, చీటీ మీద రాసుకున్నాను. మావయ్యని ఆసుపత్రికి నేనే కారులో తీసుకెళ్తానని చెప్పి, బావ ముందే అలారం పెట్టాను.

ఇంట్లో ఇంకా మాట్లాడలేదు. ఈ రాత్రి పాప పడుకున్నాక, ముందు క్షమాపణే చెబుతాను.