బాక్స్ ట్రక్ కొని ఎక్స్‌పెడైట్ (అర్జెంట్) లోడ్లు కొడదామనుకుంటున్నా, ఇక్కడ ఎవరైనా చేస్తున్నారా?

ఫ్రిస్కో_బెజవాడ

అందరికీ నమస్తే. డల్లాస్ దగ్గర ఉంటా, 13 ఏళ్ళు టెస్టింగ్‌లో చేశా, మార్చిలో లేఆఫ్ అయ్యాక మళ్ళీ ఆ ఇంటర్వ్యూల గోల నా వల్ల కావట్లేదు. గ్రీన్ కార్డ్ వచ్చేసింది కాబట్టి వీసా టెన్షన్ లేదు. మా నాన్న బెజవాడలో ఓనర్ కమ్ డ్రైవర్, చిన్నప్పుడు సెలవులిస్తే చాలు క్యాబిన్‌లో ఆయన వెనక పడుకుని వైజాగ్ దాకా పోయేవాణ్ణి, ఆ పిచ్చి ఇంకా దిగలేదు. ఇప్పుడొక 26 అడుగుల బాక్స్ ట్రక్ చూశా, 2019ది, 2 లక్షల 40 వేల మైళ్ళు తిరిగింది, 38 వేల డాలర్లు చెప్తున్నాడు. సీడీఎల్ (పెద్ద బండ్ల కమర్షియల్ లైసెన్స్) అక్కర్లేదంట. ఆటో పార్టులు, హాస్పిటల్ సామాన్లు లాంటి అర్జెంట్ లోడ్లకి రేటు బాగుంటుందని యూట్యూబ్‌లో ఒకాయన వారానికి 6 వేలు అని ఊదరగొడుతున్నాడు. కొనెయ్యనా? సొంత ఎంసీ (సరుకు రవాణాకి ఫెడరల్ పర్మిట్ నంబర్) తీసుకోవాలా లేక ఏదైనా క్యారియర్ (రవాణా కంపెనీ) కింద లీజుకి పెట్టాలా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

టొలీడో_అన్న

తమ్ముడూ, ఆ ట్రక్ వాడికి అడ్వాన్స్ ఇచ్చావా లేదా అది చెప్పు ముందు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వరస. ముందు క్యారియర్‌ని చూసుకోవాలి, ట్రక్ తర్వాత. ఎక్స్‌పెడైట్ క్యారియర్లలో ఒక్కొక్కడికి ఒక్కో రూలు, ఇన్నేళ్ళ కంటే పాతది వద్దంటాడు ఒకడు, స్లీపర్ (క్యాబిన్ వెనక పడుకునే చోటు) లేకపోతే మాట్లాడనే మాట్లాడడు ఇంకొకడు, లిఫ్ట్‌గేట్ (సామాను ఎక్కించే వెనక లిఫ్ట్) ఉందా, లోపల ఈ-ట్రాక్ (సామాను కట్టే పట్టీలకి గోడల మీద పట్టాలు) ఉందా, బాక్స్ ఎత్తెంత, అన్నీ అడుగుతారు. నువ్వు చూసిన బండికి స్లీపర్ ఉందా? 26 అడుగుల బాక్స్ అంటున్నావంటే ఉండి ఉండదు, అది ఊళ్ళో ఫర్నిచర్ తిప్పడానికి కట్టిన బండి.

స్లీపర్ ఎందుకో చెప్తా. నేనూ మా ఆవిడా ఆరేళ్ళుగా టీమ్‌గా నడుపుతున్నాం. పోయిన చలికాలం లారెడోలో రాత్రి 2.40కి ఫోన్ మోగింది, వైరింగ్ హార్నెస్ (కార్లలో వేసే వైర్ల కట్టలు) మూడు ప్యాలెట్లు, మిషిగన్ కార్ల ప్లాంట్‌కి, 1600 మైళ్ళ పైమాటే. ఆ మూడు ప్యాలెట్లు టైముకి చేరకపోతే అక్కడ లైన్ ఆగిపోతుంది, అందుకే అంత పెద్ద బండిలో మూడంటే మూడు ప్యాలెట్లు పెట్టి డబ్బులిస్తారు. 10 వేల పౌన్ల జీవీడబ్ల్యూఆర్ (సరుకుతో కలిపి బండి మొయ్యగలిగే గరిష్ఠ బరువు) దాటిన బండికి 11 గంటల డ్రైవింగ్, తర్వాత 10 గంటల రెస్ట్ రూల్ ఉంది కదా, నువ్వొక్కడివే అయితే రోజుకి 600 మైళ్ళు, అంటే మూడో రోజు చేరతావు. మేం ఒకళ్ళు పడుకుంటే ఒకళ్ళు నడిపి ముప్ఫై గంటల్లోపు దించేశాం. మంచి లోడ్లన్నీ టీముల చేతికే పోతాయి, ఒంటరిగా నడిపేవాడికి మిగిలింది దొరుకుతుంది.

ఇక ఆ 6 వేల లెక్క. మైలుకి 2 డాలర్ల చొప్పున 500 మైళ్ళ లోడ్ అనుకో, వెయ్యి. ఎత్తుకోడానికి 130 మైళ్ళు ఖాళీగా పోయావు, దించాక ఆ ఊళ్ళో ఏం దొరకదు కాబట్టి ఇంకో 170 ఖాళీగా నడిచావు. మొత్తం 800 మైళ్ళు, అంటే మైలుకి 1.25 పడింది. గ్యాలన్‌కి 10 మైళ్ళు, డీజిల్ 4 డాలర్లు వేసుకున్నా 320 పోయింది, మిగిలింది 680, అందులోంచే టైర్లు, ఇన్సూరెన్స్, ట్రక్ వాయిదా. ఆ తర్వాత రెండ్రోజులు ట్రక్ స్టాప్‌లో ఫోన్ మొహం చూస్తూ కూర్చుంటావు చూడు, దాన్ని ఏ యూట్యూబూ చూపించదు. ఈ పనిలో నడపడం కంటే కూర్చోడం కష్టం.

సొంత ఎంసీ ఇప్పుడే వద్దు. అప్లికేషన్‌కి 300 డాలర్లే గానీ అసలు దెబ్బ ఇన్సూరెన్స్. నీ సైజు బండికి చట్టం ప్రకారం 7 లక్షల 50 వేల డాలర్ల లయబిలిటీ చాలు, కానీ బ్రోకర్లు (లోడ్లు ఇప్పించే మధ్యవర్తులు) మిలియన్ అడుగుతారు, పైన లక్ష కార్గో ఇన్సూరెన్స్. కొత్త ఎంసీ అంటే ప్రీమియం చుక్కలు చూపిస్తుంది, చాలామంది బ్రోకర్లు మొదటి మూణ్ణెల్లో ఆర్నెల్లో లోడే ఇవ్వరు, మొదటి ఏడాదిలోపు సేఫ్టీ ఆడిట్ ఒకటి. ఏడాది ఎవరి కిందైనా నడిపి దారులు తెలుసుకో.

ఎడిసన్_కుర్రోడు

బ్రో నేను హెచ్1బీ, వీకెండ్స్‌లో కార్గో వ్యాన్ తోలొచ్చా? ఎల్ఎల్‌సీ నా పేరు మీదే పెట్టి.

టొలీడో_అన్న

వద్దు బాబూ. నీ వీసా నీ కంపెనీ పనికే. కంపెనీలో వాటా ఉండటం వేరు, స్టీరింగ్ పట్టుకోడం వేరు. మీ ఆవిడకి హెచ్4 ఈఏడీ (డిపెండెంట్ వీసా మీద పని పర్మిట్) ఉంటే ఆవిడ చెయ్యొచ్చు, నువ్వు ఇంట్లో వంట చెయ్యి. ఏదైనా లాయర్‌ని కనుక్కునే దిగండి.

అట్లాంటా_వ్యాన్

అన్న చెప్పింది కరెక్టే, నేను వ్యాన్ వైపు చెప్తా. స్ప్రింటర్ 2500 తీసుకున్నా, 9,050 పౌన్ల జీవీడబ్ల్యూఆర్, 10 వేల లోపు కాబట్టి గంటల రూలు వర్తించదు. అదే దాని ఉచ్చు కూడానండి. డిస్పాచర్‌కి (లోడ్లు పంచేవాడికి) ఆ సంగతి తెలుసు, ఇంకో 400 మైళ్ళు లాగెయ్ అంటాడు, ఒకసారి టెనెసీలో రంబుల్ స్ట్రిప్ (రోడ్డు అంచున చప్పుడు చేసే గాళ్ళు) మీదకెక్కిన చప్పుడికి మెలకువ వచ్చింది నాకు. ఆ రోజు నుంచి ఎవడేమన్నా 11 గంటలకి ఆపేస్తా. ఇంకోటి, వ్యాన్లు కొన్నవాళ్ళు ఎక్కువైపోయి రేట్లు బాగా పడిపోయాయి.

లీజు కాగితం మాత్రం ప్రతి ముక్కా చదవండి. నా మొదటి క్యారియర్, పేరు వద్దులెండి, వారానికి 100 చొప్పున ఎస్క్రో (డిపాజిట్) అని 2 వేలు పట్టుకున్నాడు, మానేశాక నాలుగు నెలలు ఫోనెత్తలేదు. లీజు ముగిసిన 45 రోజుల్లోపు ఎస్క్రో తిరిగివ్వాలని, కాగితాలు ఇచ్చిన 15 రోజుల్లో లోడ్ డబ్బులు వెయ్యాలని ఫెడరల్ రూలుంది, పార్ట్ 376 అంటారు. ఆ నంబర్ రాసి మెయిల్ కొడితే వారంలో చెక్కొచ్చింది, వ్యాన్ మీద వాళ్ళ స్టిక్కర్ పీకలేదని 150 కోసుకుని మరీ. ఆ 150 ఇంకా మంటే నాకు.

టాక్సు కూడా మర్చిపోకండి. డబ్ల్యూ2 (టాక్స్ కట్ చేసి ఇచ్చే జీతం) అలవాటు కదా మనకి, ఇక్కడ ఎవడూ కట్ చెయ్యడు, సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ 15.3 శాతం, ఇన్‌కమ్ టాక్స్ దానికి అదనం, మూణ్ణెల్లకోసారి మనమే కట్టాలి. నేను ప్రతి సెటిల్‌మెంట్‌లో పాతిక శాతం వేరే అకౌంట్‌లో పడేస్తా.

ఫ్రిస్కో_బెజవాడ

చాలా థాంక్స్ అన్నా, థాంక్స్ అండి. ఇవాళ మూడు క్యారియర్లకి ఫోన్ చేశా, ఇద్దరు స్లీపర్ లేదనగానే పెట్టేశారు, మూడోవాడు వేరే ఓనర్ల ట్రక్ నడిపేవాళ్ళు కావాలి, వస్తావా అన్నాడు, డీజిల్, రిపేర్లు ఓనర్‌వే అంట.

టొలీడో_అన్న

వెళ్ళు. ఆర్నెల్లు పరాయి బండి మీద నేర్చుకో, పోయేదేం లేదు. ఇంతకీ అడ్వాన్స్ సంగతి చెప్పలేదు.

ఫ్రిస్కో_బెజవాడ

500 ఇచ్చేశా అన్నా. పొద్దున వెనక్కి ఇమ్మంటే నవ్వాడు.